నీ లాప్‌టాప్‌లో పన్నెండు పేజీలు

సరోజా,

ఎట్లా ఉన్నావు? నువ్వు వెళ్ళిపోయి ఏడాదీ నాలుగు నెలలయింది. నేను బాగానే ఉన్నాను. బీపీ మాత్రలు మర్చిపోకుండా వేసుకుంటున్నాను, నమ్ము. మేట్టుపాళయం గోడౌన్‌లో ఉద్యోగం అట్లాగే నడుస్తోంది. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. రేపు బాగుచేయిస్తాను అని నీకు ఎన్నిసార్లు చెప్పానో, అన్నిసార్లూ నాకు నేనే చెప్పుకుంటున్నాను.

ఇంతకీ అసలు సంగతి. నీ లాప్‌టాప్ మార్చేశాను. అంటే పెట్టె అదే, లోపలిది మారింది. విండోస్ తీసేసి లైనక్స్ పెట్టాం. ముఖం మాడ్చుకోకు... మొత్తం విను.

నువ్వు పోయాక దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ప్రతి ఆదివారం పొద్దున కిటికీ దగ్గర నీ కుర్చీలోనే కూర్చుని తెరిచేవాణ్ణి. నాకు దాంతో ఏం పని? విండోస్ మొదలైనప్పుడు వచ్చే ఆ చిన్న సంగీతం వినడానికి. అది మోగగానే వంటింట్లోంచి నువ్వు దాని వెంట కూనిరాగం తీసేదానివి, గుర్తుందా? ఆ తర్వాత తెర మీద వీరాంపట్టినం గుడి తిరునాళ్ళలో తీసిన తేరు ఫోటో వచ్చేది. జనంలో నువ్వు, సగం తెగిపోయిన మీ చెల్లెలు వసంత, నా భుజం ఒకటి. ఆ ఫోటో కిందే నీ ఫోల్డర్లన్నీ వరసగా. కింద మూల చెత్తబుట్ట బొమ్మ... నువ్వు కుప్పతొట్టి అనేదానివి. "కుప్పతొట్టిలో ఏసినాక కూడా ఒకసారి తొంగి చూడాల. మనిషికి తొందర ఎక్కువ" అనేదానివి.

నువ్వు టైపు చేసే అచ్చు ప్రెస్సు వాళ్ళు కొత్త కంప్యూటర్లు కొన్నప్పుడు ఆ పాతది నీకు ఇచ్చారు. ఇంట్లో కూర్చునే గుడి నోటీసులూ పెళ్ళి పత్రికలూ తమిళంలో టైపు చేసి పంపేదానివి. నీ వేళ్ళు ఎంత వేగంగా కదిలేవో! సూళ్ళూరుపేట నుంచి వచ్చిన నాకేమో బస్సు బోర్డు చదవడానికే ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. ఇరవై రెండేళ్ళు ఈ తమిళ ఊళ్ళో ఉండి తమిళం చదవడం రాదేమని నువ్వు వెక్కిరిస్తే, మీదీ ఒక తెలుగేనా, అరవ తెలుగు అని నేను వెక్కిరించేవాణ్ణి. ఎందుకు అన్నానో అన్నిసార్లు...

ఆఖరి నెలల్లో డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నా నువ్వు వినలేదు. రోజూ మధ్యాహ్నం ఒక గంట లాప్‌టాప్ ముందు. నేను డ్యూటీ నుంచి వచ్చిన చప్పుడు వింటే మూసేసేదానివి. "ఏంది దొంగ మాదిరి వస్తారు? ప్రెస్సు పని" అనేదానివి. ఒకరోజు నీ పెదాలు పాలిపోయి ఉన్నాయి. అయినా టైపు కొడుతూనే ఉన్నావు. నాకు ఒళ్ళు మండిపోయింది. నీ చేతుల మీదే మూత వేసేశాను.

చేతులు తీసుకుని లేచి వెళ్ళిపోయావు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఏమీ జరగనట్టు కుళాయి గురించి అడిగావు. ఆ తర్వాత పది రోజులకే ఆస్పత్రి. అడిగే వీలు లేకుండా పోయింది. కోపం నిజంగా పోయిందా సరోజా? పోయినట్టు నటించావా? ఈ ఏడాదీ నాలుగు నెలలూ నాకు ఇదే ఆలోచన.

సరే, లాప్‌టాప్ సంగతికొస్తాను. విండోస్‌ని అని లాభం లేదు, పాపం నాదే. గోడౌన్‌లో కనిపించిన పెన్‌డ్రైవల్లా తెచ్చి, ఏముందో చూద్దామని దాంట్లో గుచ్చాను. వైరస్ పట్టింది. తెరుచుకోవడానికి అరగంట. తర్వాత సంగీతం మధ్యలో తెగిపోవడం మొదలైంది. ఒక ఆదివారం అసలు తేరు ఫోటో రానే లేదు.

భయపడి వసంతను పిలిచాను. ఆమె కాలేజీ ల్యాబులో చేసే పని ఇదే కదా. చూసి, బావా, దీన్ని మొత్తం తుడిచి లైనక్స్ వేస్తేగానీ నిలబడదు అంది. అక్క ఫైళ్ళన్నీ ముందే సీడీలోకి తీసి పెడతానంది. వారం రోజులు ఒప్పుకోలేదు. చివరికి ఒప్పుకున్నాను. ఒకటికి రెండు సీడీలు చేయించాను, నువ్వయితే మెచ్చుకునేదానివి.

లైనక్స్ మొదలైంది. ఏదో గోధుమ రంగు తెర, ఎవరిదో కొత్త చప్పుడు. మెనూ కింద ఉండాల్సింది పైన ఉంది. పరాయి ఇంట్లో స్విచ్చి వెతుక్కున్నట్టు వెతుక్కున్నాను. తేరు ఫోటో మళ్ళీ పెట్టింది వసంత. నీ పేరుతో ఉన్న ఫోల్డరు కూడా వచ్చింది. ఆఖరి ఫైలు తేదీ చూశాను. కుళాయి గురించి అడిగిన రోజు.

తెరిచాం. అన్నీ పిచ్చి గీతలు. ఇంగ్లీషు అక్షరాల నెత్తిన చుక్కలూ కొమ్ములూ... ఒక్క తమిళ అక్షరం లేదు.

అప్పుడు తెలిసింది. నువ్వు టైపు చేసింది ప్రెస్సు వాళ్ళ పాత ఫాంట్‌లో. అది లేకపోతే ఆ అక్షరాలు పలకవట. ఫైళ్ళు తీసిన వసంతకు ఫాంట్ తియ్యాలని తోచలేదు. విండోస్‌తో పాటు అదీ తుడిచిపెట్టుకుపోయింది. ప్రెస్సు చూస్తే ఎప్పుడో మూతపడింది.

వసంతను నానా మాటలూ అన్నాను. మీ అక్క ఆఖరిసారి ముట్టుకున్నది అదొక్కటే, దాన్నీ మిగల్చలేదు అన్నాను. ఆమె ఏడుస్తూ వెళ్ళిపోయింది. మూడు వారాలు మన గుమ్మం తొక్కలేదు. నా నోరు నీకు తెలుసుగా... నువ్వుంటే సర్దిచెప్పేదానివి. ఇప్పుడు ఎవరున్నారు?

అడగ్గా అడగ్గా తట్టాంచావడిలో లేబుళ్ళు అచ్చువేసే మురుగేశన్ దగ్గర ఆ ఫాంట్ ఉందని తెలిసింది. ఒకప్పుడు మీ ప్రెస్సులోనే పనిచేశాడట, నీ పేరు చెప్పగానే కుర్చీ వేశాడు. అతని కంప్యూటర్లో ఫైలు తెరిచాడు. సరోజా, తమిళ అక్షరాలు వచ్చాయి! గుండ్రంగా, ముద్దుగా, వరసలు వరసలుగా.

కానీ మురుగేశన్ నొసలు చిట్లించాడు. రెండు వరసలు చదివాడు, మూడోది చదివాడు. ఇవి మాటలే కావు సార్, ఒక్కదానికీ అర్థం లేదు అన్నాడు. ఇదేం గుడి నోటీసు అని నన్నే అడిగాడు. ఇంకో మూడు ఫాంట్లు మార్చి చూశాడు, అక్షరాలు ఇంకా చెడ్డాయి. చివరికి ఫైలే పాడైపోయిందని తేల్చాడు. పన్నెండు పేజీలు, అన్నీ అంతేనన్నాడు.

పోనీ, మొదటి పేజీ ఒక్కటి ప్రింటు తీసివ్వమన్నాను. అర్థం లేకపోయినా నువ్వు కొట్టిన అక్షరాలే కదా.

ఇంటికొచ్చి నీ కుర్చీలో కూర్చున్నాను. ఏం చెయ్యాలో తోచక, బస్సు బోర్డు చదివినట్టు ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పైకి చదవడం మొదలుపెట్టాను. మా... య... న... కి... తమిళం... సద... వడం... రాదు...

ఆగిపోయాను. మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఈసారి నువ్వు వినిపించావు.

"మాయనకి తమిళం సదవడం రాదు. అందుకే ఈడ దైర్యంగా రాస్తా ఉండా."

అది తెలుగు సరోజా. నీ తెలుగు. మీ ఇంట్లో ఎవరికీ తెలుగు అక్షరాలు రావు. మీ పిన్నమ్మలకు జాబు రాసినా, మామిడికాయల లెక్క రాసినా, తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లోనే రాస్తారు. ఇరవై రెండేళ్ళు కళ్ళెదుట చూశాను. ఆ ముక్క నా బుర్రకే ఎక్కలేదు, ఇక మురుగేశన్‌ని ఏమంటాను? తమిళం బాగా వచ్చిన మనిషి కాబట్టి గబగబా కళ్ళతో చదివి అర్థం లేదన్నాడు. ఏమీ రానివాణ్ణి కాబట్టి నోటితో చదివాను, నీ గొంతు దొరికింది.

ఎంతసేపు నవ్వానో, ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ప్రెస్సు పని అని నన్ను ఎంత బాగా నమ్మించావు!

మర్నాడు పొద్దున్నే వసంత ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే తప్పయిపోయిందని చెప్పి, ఆ కాగితం ఆమె చేతిలో పెట్టాను. రెండు వరసలు చదివి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆ రోజే మురుగేశన్ దగ్గర ఫాంట్ తెచ్చి లైనక్స్‌లో వేసింది. ఇప్పుడు నీ పన్నెండు పేజీలూ అందులో చక్కగా తెరుచుకుంటున్నాయి. ఈ కొత్తదాని మీద నాకు కోపం పోయింది. ఆదివారాలే కాదు, రోజూ తెరుస్తున్నాను.

వసంత అరగంటలో అంతా చదివి వినిపిస్తానంది. వద్దన్నాను.

నేనే చదువుకుంటాను. రోజుకి అర పేజీ, అంతకంటే నా వల్ల కాదు. మీ తమిళంలో కకీ గకీ ఒకటే అక్షరం, ఏది ఏదో తెలిసి చావదు కదా, రెండు రకాలుగా పలికి చూసుకుని ఏది నీ మాటో ఎంచుకోవాలి. నిన్ను చూడ్డానికి మీ ఇంటికి వచ్చిన రోజు నేను లడ్డు జేబులో వేసుకున్న సంగతి రాశావు. దాన్ని నువ్వు చూశావని నాకు ఇప్పటిదాకా తెలియదు! వీరాంపట్టినంలో తప్పిపోయింది నువ్వు కాదు నేనని రాశావు. సరే, ఒప్పుకుంటున్నాను.

వరసగా చదవాలనే అనుకున్నాను. కానీ ఆగలేక ఆఖరి పేజీకి వెళ్ళిపోయాను, అదొక్కటీ క్షమించు. ఆ రోజు గురించి నువ్వేం రాశావో చూడకుండా ఎట్లా ఉండగలను? ఆరు వరసలకి ఒక సాయంత్రమంతా పట్టింది.

"మొన్న నా చేతుల మీదే మూత మూసేసినారు. అది కోపం కాదు, బయం. నాకి తెలీదా ఏంది? రెండు దినాలు నేను మాట్లాడలే. కాపీ ఆయనే పెట్టినారు. బాగుండింది. ఇంకో దినం మాట్లాడకుండా ఉంటే ఇంకో కాపీ వచ్చుండును. మొకం చూస్తే పాపం అనిపించి మాట్లాడేసినా."

అంతే. దాని కింద ఏమీ లేదు.

మూత వేసింది ఒక్కటే గుర్తు పెట్టుకున్నాను నేను. కాఫీ పెట్టిన సంగతే గుర్తులేదు. నువ్వు కాఫీ గుర్తు పెట్టుకున్నావు.

మిగతా పేజీలు ఎవరిచేతా చదివించుకోను, మాట ఇస్తున్నాను. మీ తెలుగుని ఇంకెప్పుడూ ఏమీ అనను.

కానీ పాపం అని ఎందుకు అనుకున్నావు సరోజా? ఇంకో దినం ఉండాల్సింది... కాఫీ పెట్టేవాణ్ణి కదా.

నీ
రమణయ్య