గోంగూర అని చెప్పాను

2025 అక్టోబర్ 12

వెనక గదిలో ఆ ఊదారంగు లైటు ఎందుకురా అని మూడు నెలలుగా అడుగుతున్నాను. ప్రాజెక్ట్ అక్కా, ప్రాజెక్ట్ అంటాడు అరుణ్. ఈ రోజు చర్చి నుంచి వచ్చేసరికి వాడు స్నానం చేస్తున్నాడు. తాళం తీసి చూశాను. ఐదు కుండీలు, నా నడుమంత ఎత్తు మొక్కలు. బచేలీ టౌన్‌షిప్ స్కూల్లో పద్దెనిమిదేళ్ళుగా సైన్స్ చెబుతున్నాను, ఆకు చూస్తే తెలియదా? గంజాయి. నా ఇంట్లో. నా బియ్యం డ్రమ్ము పక్కన!

తల తుడుచుకుంటూ వచ్చి, అమ్మడానికి కాదు అక్కా, నిద్ర పట్టడం లేదు, నా కోసమే అన్నాడు. బెంగళూరులో ఉద్యోగం పోయి నా దగ్గరకొచ్చి ఆరు నెలలు. నిద్ర పట్టని వాళ్ళు పాలు తాగుతారు. వీడు తోట వేస్తాడు.

అక్టోబర్ 13

పీకెయ్యమన్నాను. నాలుగు వారాలు ఆగమన్నాడు. పగళ్ళు చిన్నవయ్యాయట, చలి మొదలైందట, ఇప్పుడు బయట పెడితే పూత వస్తుందట, ఆ ఒక్క పూత కోసుకోగానే తనే పీకేస్తాడట, అమ్మతోడట. అమ్మ పోయి పదకొండేళ్ళు. ఆ ఒట్టు నా దగ్గర ఎప్పుడు వాడాలో వాడికి బాగా తెలుసు.

ఆయనకి చెప్పలేదు. క్వార్టర్ ఆయన పేరు మీద ఉంది. గనిలో ఇరవై మూడేళ్ళ సర్వీసు. ఇది బయటపడితే ముందు ఆయన్నే పట్టుకుంటారు. ఉద్యోగమూ పోతుంది, ఇల్లూ పోతుంది. ఇదంతా అరుణ్‌కి విడమరిచి చెప్పాను. యేసుపాదం బావ అసలు పెరట్లోకే రాడు కదక్కా అన్నాడు.

అక్టోబర్ 18

కుండీలు పెరట్లోకి వచ్చాయి, చిక్కుడు పాదు వెనక్కి. మోయలేక అవస్థ పడుతుంటే నేనూ ఒక చెయ్యి వేశాను. నాకేం బుద్ధి పుట్టిందో.

అక్టోబర్ 29

వెనక వీధిలైటు వెలగడం లేదని రెండేళ్ళు అర్జీలు పెట్టాను. సరిగ్గా ఈ వారం బాగు చేశారు. రాత్రి వెలుగు పడితే పూత రాదని అరుణ్ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాడు. లైటు తీసెయ్యమని ఇంకో అర్జీ పెట్టాలట నేను!

ఇప్పుడు సాయంత్రం ఆరు కాగానే నా పాత దుప్పట్లు వాటికి కప్పుతున్నాడు, తెల్లారగానే తీస్తున్నాడు. గార్డు లచ్చు చూసి, ఏంది భయ్యా, చెట్లకు గూడ ఠండీ పెడ్తదా అని అడిగాడట. పెడుతుందన్నాడట వీడు.

నవంబర్ 6

పక్క క్వార్టర్ సుశీల గోడ మీంచి తొంగిచూసింది. విజయనగరం మనిషి, కళ్ళు చురుకు. ఆ మూల గుబురుగా ఉంది, ఏటమ్మా అది అంది. నా నోట్లోంచి ఊడిపడింది, గోంగూర అని.

పెరట్లో గోంగూర ఉందని ఒక తెలుగు మనిషితో చెప్పే తెలివి నాకే ఉండాలి. ఈ లైన్లో ఎవరి పెరడూ ఎవరిదీ కాదు. వాళ్ళ కరివేపాకు నేను కోసుకుంటాను, మా మునక్కాడలు ఆవిడ కోసుకుంటుంది. ఇంట్లో మనుషులున్నారా లేరా అని చూసుకోం. అడిగితే పైగా నిష్ఠూరం, పరాయిదానిలా అడుగుతావేంటని.

పురుగుమందు కొట్టామని చెప్పాల్సింది. ఇప్పుడు తడుతోంది నా మొహానికి.

నవంబర్ 7

ఆ పురుగుమందు మాట చెబుదామని వెళ్ళాను. సుశీల పెళ్ళికని ఊరెళ్ళింది. రెండు వారాలట. బతికాను.

నవంబర్ 15

పూత వచ్చింది. వాసన కూడా వచ్చింది. తడిసిన కుక్క పక్కన అగరుబత్తి వెలిగించినట్టు ఉంది. ఆయన ముక్కు మూసుకుని డ్రైనేజీ కంప్లైంట్ రాయమన్నారు. రాశాను.

నాలుగు వారాలన్నవాడు ఇప్పుడు ఇంకో మూడంటున్నాడు.

నవంబర్ 22, మధ్యాహ్నం 1

స్కూలు నుంచి వచ్చాను. వంటింటి గట్టు మీద స్టీలు డబ్బా. సుశీల ఇచ్చి వెళ్ళిందట. మూత తీస్తే పచ్చడి, వెల్లుల్లి పోపుతో. పెరట్లోకి పరిగెత్తాను. రెండు మొక్కలకి కొసలు లేవు.

ఫోన్ చేశాను. నిన్ననే వచ్చిందట. ఇదేం గోంగూరమ్మా, పులుపన్నదే నేదు, చింతపండేసి నూరినాను అంటోంది. తినొద్దని అరిచాను. తను ఇంకా తినలేదట. అత్తగారికి పెట్టిందట. చిన్నమ్మి గారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. నోటికి బాగుందని ఇంకో రెండు ముద్దలు కలిపించుకుందట.

ఎందుకు తినొద్దు అని అడిగింది సుశీల. పురుగుమందు కొట్టామన్నాను.

మధ్యాహ్నం 3:30

ఆసుపత్రి బెంచీ మీద రాస్తున్నాను. చిన్నమ్మి గారికి గుండె దడ, మాట ముద్దగా వస్తోంది, గోడలు కదులుతున్నాయంటోంది. నా మాట నమ్మి సుశీల డాక్టరుకి పురుగుమందని చెప్పింది. ఏ మందో అని నన్ను అడుగుతున్నారు. దాని విరుగుడు ఇంజెక్షన్ సిద్ధం చేస్తున్నారు.

అరుణ్ నా చెవిలో, సాయంత్రానికి అదే దిగిపోతుంది, నోరు తెరవకు, బావ ఉద్యోగం సంగతి ఆలోచించు అన్నాడు. ఇప్పుడు గుర్తొచ్చింది వీడికి బావ ఉద్యోగం!

లోపలికి వెళ్తున్నాను.

నవంబర్ 23

చెప్పేశాను. పురుగుమందు కాదు, గోంగూరా కాదు, గంజాయి అని. ఇంజెక్షన్ ఆపారు. అది ఎక్కించి ఉంటే ఆ వయసులో ఆ గుండె తట్టుకునేది కాదన్నాడు డాక్టర్. సుశీల నన్ను చూసిన చూపు రాయలేను.

మొక్కలు ఎవరివని డాక్టర్ అడిగాడు. అరుణ్ నా పక్కనే ఉన్నాడు. ఆగాను. వాడు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఇంకాసేపు ఆగాను. మావి అన్నాను.

చిన్నమ్మి గారు పొద్దున లేచి టీ అడిగిందట. దేవుడికి స్తోత్రం.

నవంబర్ 25

పోలీసులు కుండీలు పట్టుకుపోయారు. క్వార్టర్ ఎవరిదని అడిగి ఆయన పేరు రాసుకున్నారు. రేపు పదింటికి ఠాణాకి రమ్మన్నారు. ఆయన నన్ను తిట్టినా బాగుండేది. డ్యూటీ బూట్లు శుభ్రంగా తుడిచి బీరువాలో పెట్టుకున్నారు.

అరుణ్ మారు వడ్డించుకుని తింటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కంచం లాగేశాను. అమ్మ పోయాక నిన్ను పెంచింది నేను, చేసింది నేనేనని చెప్పుకోవడం కూడా నేనే నేర్పాలా అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. అన్నవన్నీ అనాల్సినవే.

వాడు లేచి కంచం కడిగి పెట్టాడు.

నవంబర్ 26, ఉదయం 7

అరుణ్ లేడు. పారిపోయాడనుకుని తిట్టుకుంటూ టీ పెడుతుంటే లచ్చు వచ్చాడు. భయ్యా తెల్లారకముందే అంధేరాలోనే ఠాణాకు పోయిండు, నేనే తోవ చూపిన అన్నాడు. మొక్కలు తనవేనని, బావకి ఏమీ తెలియదని, అక్కకీ ఏమీ తెలియదని రాసిచ్చి అక్కడే బెంచీ మీద కూర్చున్నాడట. ఈ చలిలో స్వెట్టర్ కూడా వేసుకోలేదట వెధవ.

స్వెట్టర్ తీసుకుని బయల్దేరుతున్నాను. అక్కకి తెలియదన్న ఆ ఒక్క లైను కొట్టించాలి.