శివారు చేనుకి ముందు నీళ్ళు

బెనారస్

అన్నయ్యకి, వదినకి నమస్కారాలు.

అందరూ కులాసాయేనా? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నేను నిక్షేపంలా ఉన్నాను, బెంగ పెట్టుకోకండి. చలి మాత్రం చంపేస్తోంది. హాస్టల్లో కూరలన్నీ ఆవనూనెతోనే. మొదట్లో కంచం ముందు కూర్చుని ఏడ్చేదాన్ని. ఇప్పుడు తింటున్నాను, నిజంగా తింటున్నాను. ఫోన్లో చెబితే సగంలోనే "సర్లే, సర్లే" అని పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం.

గెలిచానన్నయ్యా!

మన రేపల్లె వైపు కవి ఒకాయన వెనకటి రోజుల్లో రాసిన కాలువ పద్యం చదివే, మద్రాసులో పెరిగిన ఒకావిడ ఆ తర్వాత తన నవల రాసిందని నా పరిశోధనలో పట్టుబట్టాను కదా. మా గైడు సారు ఒప్పుకోలేదు. "కాలువల గురించి ఎవరు రాయలేదమ్మా? రుజువు తీసుకురా, లేకపోతే ఆ అధ్యాయం తీసెయ్" అన్నారు. రెండేళ్ళ చాకిరీ! గదికొచ్చి భోరుమన్నాను.

ఆ సాయంత్రమే నీకు ఫోన్లో ఆ పద్యం, నవల్లో కాలువ భాగం రెండూ చదివి వినిపించాను. రెండింట్లోనూ నీళ్ళు ముందు మన ఊరు నగరం చేలకి వచ్చి, తర్వాత తెనాలికి వెళ్తాయి. నువ్వు పడీ పడీ నవ్వావు.

"ఓసి పిచ్చిదానా, తెనాలి దాటాకే కదే మనకొచ్చేది! కాలువ చివరి శివారోళ్ళం. ఇద్దరూ ఒకే తప్పు ఎలా రాశారే?"

నాకు అప్పుడే వెలిగింది. ఒకరిది చూసి ఒకరు రాస్తేనే కదా ఒకే తప్పు వచ్చేది!

మొన్న సెమినార్లో అందరి ముందూ అదే చెప్పాను. సారు కళ్ళజోడు తీసి, "మరి ఆ వైపే పుట్టిన కవికి నీళ్ళు ఎటు పారతాయో తెలీదా?" అన్నారు. ఆ రోజు ఫోన్లో నవ్వడం ఆపాక నువ్వన్న మాటే నేనూ అన్నాను. "తప్పు కాదండి. ఒక్క ఏడాదైనా ముందు మనకే రావాలని శివారు రైతుకి ఉండదా అండి?"

సారు బల్ల చరిచి "శభాష్!" అన్నారు. అధ్యాయం ఉంచేశారు. ఎవరు చెప్పారమ్మా అని అడిగితే, "మా అన్నయ్యండి, వ్యవసాయమండి" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో నువ్వు చూడాల్సింది.

అమ్మకి నా దణ్ణాలు చెప్పు. ఇటు ఎవరైనా వస్తుంటే వదినని గోంగూర పచ్చడి పంపమను, మూత గట్టిగా బిగించమను. పని పూర్తయ్యేలా నన్ను దీవించండి.

"నాకేం తెలుసే చదువు" అంటుంటావుగా. నా పరిశోధన పుస్తకం చివర ఆధారాల పేజీలో మహామహా పండితులున్నారు. వాళ్ళందరి కన్నా ముందు నీ పేరు వేయమన్నారు సారు. వేసేశాను.

నీ చెల్లెలు
స్వర్ణ