నోటితో చెప్పాలి

అమ్మకి,

నీ చిన్నది రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం కులాసా. పిల్లదాని దగ్గు తగ్గింది, మీ అల్లుడుగారి గురక మాత్రం తగ్గలేదు. అక్కడ నువ్వూ నాన్నా, అన్నయ్యా వదినా క్షేమమని తలుస్తాను.

ముందు నీ ఉత్తరానికి జవాబులు. వేళకే తింటున్నాను. చిక్కిపోలేదు, ఆ దిగులు నీకు అక్కర్లేదు. ఇక, "యూనివర్సిటీలో పాఠం చెప్పవు, చదువుకోవు, మరి జీతం ఎందుకిస్తున్నారే? పక్కింటావిడ అడిగితే ఏం చెప్పను?" అని రాశావు. ఇలా చెప్పు: అక్కడ ఎవరూ కాలకుండా, జారిపడకుండా, విషపు గాలి పీల్చకుండా చూడటం మా అమ్మాయి పని. ఊడిన ప్లగ్గులు, తడి మెట్లు, మూతల్లేని సీసాలు, దారికి అడ్డం పెట్టిన బీరువాలు, అన్నీ నా నెత్తినే. ఏమీ జరగకపోతే నేను పనిచేసినట్టు. అందుకే అందరికీ ఊరికే తిరుగుతున్నట్టు కనిపిస్తాను.

కానీ నీ ఉత్తరం చివర చదివి నాకు ఒళ్ళు మండింది. "బయటికి వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, స్టవ్వు కట్టేశారా, కుళాయి కట్టేశారా అని అడిగి అందరిచేతా చెప్పిస్తానని మీ అన్నయ్య చుట్టాల ముందు నవ్వాడు. ఆ చాదస్తం ఇక మానేశాను" అని రాశావు. మానేయడమేమిటమ్మా! అసలు సంగతి చెబుతాను, ఓపిగ్గా విను.

మా కెమిస్ట్రీ ల్యాబు తలుపు పక్కన ఒక కాగితం ఉండేది. సాయంత్రం వెళ్ళేవాళ్ళు గ్యాసు, కుళాయిలు, హీటర్లు కట్టేసి దానిమీద టిక్కు పెట్టాలి. ఒక సోమవారం వెళ్ళి చూస్తే శుక్రవారం దాకా టిక్కులు పెట్టేసి ఉన్నాయి! "రోజూ ఎందుకని ఒకేసారి పెట్టేశాం మేడం" అన్నారు పిల్లలు, నాకేదో సాయం చేసినట్టు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ కాగితం పీకిపారేశాను. మర్నాటినుంచి వాచ్‌మన్ బాబాయిని గుమ్మంలో నిలబెట్టాను. ఏమేం కట్టేశారో వెళ్ళేవాళ్ళు ఆయనకి పైకి చెప్పాలి. నువ్వనేదే, తలూపితే కుదరదు, నోటితో చెప్పాలి. బాబాయికి ఇది తెగ నచ్చేసింది. "వినపడలేదు, ఇంకోసారి" అంటూ పెద్దపెద్దవాళ్ళని ఆపి మరీ చెప్పించుకునేవాడు.

చిక్కంతా ఆ ల్యాబు పెద్ద ప్రొఫెసరుతో వచ్చింది. గొంతునిబట్టి అందరూ ఆయన్ని ఉరుము సారు అంటారు. "నేనేమన్నా చంటిపిల్లాడినా? నా ల్యాబులో నాకే అప్పజెప్పులా?" అని ఎగిరిపడ్డాడు. అంతటితో ఊరుకోలేదు. ఈ తంతు ఎత్తేయాలనీ, నా కాంట్రాక్టు పొడిగించొద్దనీ రిజిస్ట్రారుకి ఫిర్యాదు పెట్టాడు. మొన్న గురువారం దానిమీద మీటింగు. అంటే నా ఉద్యోగానికే ఎసరు. కంగారుపడతావని నీకు రాయలేదు.

ముందురోజు సాయంత్రం నేనూ గుమ్మం దగ్గరే ఉన్నాను. ఉరుము సారు సంచీ తగిలించుకుని వచ్చాడు. "రేపటితో మీ నాటకం ఆఖరమ్మా, ఇవాళ్టికి ఆడేద్దాం" అని చేతులు కట్టుకుని, బడిపిల్లాడిలా రాగం తీశాడు. "గ్యాసు కట్టేశానండీ... కుళాయి కట్టేశానండీ... హీటరు..."

అంతే, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. సంచీ కింద పడేసి లోపలికి ఒకటే పరుగు! వెనకాలే మేమూ. లోపలి గదిలో హీటరు మీద గాజు కుప్పె, నీళ్ళన్నీ ఇగిరిపోయి, అడుగు మాడిపోతోంది. చెయ్యి చాపితే అందేంత దగ్గరలో స్పిరిట్ డబ్బాలు. పై అంతస్తులో క్లాసు నిండా పిల్లలు. ఆయన స్విచ్చి కట్టేసి గోడకి ఆనుకుని కూలబడ్డాడు. నేను గాభరాగా స్పిరిట్ డబ్బాలు అవతలికి లాగేశాను. బాబాయి ఒక్కడే నిబ్బరంగా, "సార్, హీటరు సంగతి ఇంకా చెప్పలేదు" అన్నాడు.

"కట్టేశాను బాబూ, కట్టేశాను" అన్నాడు ఉరుము సారు. ఈసారి రాగం లేదు.

మర్నాడు మీటింగులో అందరికన్నా ముందు ఆయనే లేచాడు. "నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నా. నిన్న వెటకారానికైనా ఆ మాటలు అనకపోయి ఉంటే ఇవాళ నా ల్యాబు ఉండేది కాదు. వర్క్‌షాపులో, హాస్టలు వంటింట్లో, అన్నిచోట్లా పెట్టండి" అన్నాడు. అమ్మా, నీ కూతురు గెలిచింది! కాంట్రాక్టు పొడిగించడం కాదు, ఏకంగా పర్మనెంటు చేశారు. ఇప్పుడు సాయంత్రమైతే చాలు, ఏ గుమ్మంలో విన్నా నీ మాటలే.

ఇక నీ దగ్గర దాచిన సంగతి. ఈ పద్ధతి పెట్టిన కొత్తలో, ఎక్కడిదిది అని రిజిస్ట్రారు అందరి ముందూ అడిగితే, "విదేశాల్లో అంతా ఇదే సార్" అని కోతలు కోశాను. మా అమ్మ చేసేది అంటే నవ్వుతారని భయం. అన్నయ్య నవ్వాడు, నేను సిగ్గుపడ్డాను, పెద్ద తేడా లేదు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటోంది. ఆ మీటింగులోనే ఉరుము సారు, "ఏ దేశం వాళ్ళమ్మా? వాళ్ళకి నేను కృతజ్ఞతలు రాయాలి" అన్నాడు. ఇక దాచలేకపోయాను. "ఏ దేశమూ కాదు సార్. మా అమ్మ" అన్నాను.

ఎవరూ నవ్వలేదమ్మా. ఆయన, "ఆవిడ ఇంకా గుమ్మంలో నిలబడుతున్నారా?" అని అడిగాడు.

నువ్వు మానేశానని రాసిన ఉత్తరం అప్పటికే నా సంచీలో ఉంది. అయినా, "నిలబడుతుంది సార్" అన్నాను. అది నా రెండో కోత. దాన్ని నిజం చేయాల్సింది నువ్వే. ఈ ఉత్తరం అన్నయ్యచేతే పైకి చదివించుకో. తర్వాత వాడు బయటికి బయల్దేరగానే గుమ్మానికి అడ్డంగా నిలబడు. తలూపితే ఒప్పుకోకు.

ఇట్లు,
గ్యాసు కట్టేశాను, కుళాయి కట్టేశాను, హీటరు కట్టేశాను అని నోటితో చెప్పి మరీ ఇంటికొచ్చిన
నీ చిన్నకూతురు