కొండమీది రోకటి పోటు

కంబదూరు,
గురువారం.

పెద్ద సారుగారికి సలాములు. కొండమీద మీ మిషనుకు కావలి ఉన్నవాణ్ణి రాస్తున్నాను.

నోటీసు అందింది. ఏ దేశం దొంగచాటుగా అణుబాంబు పరీక్షించినా నేల అదురును బట్టి పసిగట్టే ఈ మిషనులో రోజూ పొద్దున ఆరుకు ఏదో అదురు పడుతోందని రాశారు. పోయిన రంజాన్ దాకా ఉండి, ఐదు నెలలు ఆగి, మళ్లీ మొదలైందనీ, ఇన్నాళ్లూ మిషను లోపమనుకున్నామనీ, సంజాయిషీ ఇమ్మనీ అడిగారు.

మీరు అనుమానపడ్డట్టు అది బోరు బండి కాదు, మేకలూ కాదు. నా గది ముందరి రోలు. వేల మైళ్ల అవతలి బాంబును వినే మిషనుకు పక్కనున్న రోకలి కూడా వినబడుతుందని నాకెవరూ చెప్పలేదు.

మొదట దంచింది నా భార్య జైతూన్ బీ. కొర్రలు దంచుతూనే, "బాంబు పేల్చినోణ్ని ఇది పట్టిస్తాదంట గదా, ఒక్క మేకను గూడా దీని దగ్గరికి రానీయాకు" అని నాకు జాగ్రత్తలు చెప్పేది. రంజాన్ నెలలోనే పోయింది.

ఇప్పుడు దంచేది నేను. రోట్లో గింజలుండవు. ఆ చప్పుడు లేకుంటే ఈ కొండమీద తెల్లవారినట్టే ఉండదు. రేపే రోలును కిందికి దించేస్తాను.

ఒక్కటే మనవి. ఆమె దంచిన నాళ్లలో మిషను గీసిన అదురు గీతల కాగితం మీ దగ్గర ఉంటుంది కదా, ఒక్క రోజుది పంపించండి. ఎవరివేవో పోల్చుకోవడం కష్టం కాదు సార్. ఆమె పోటు ఎన్నడూ తప్పలేదు. తడబడేవన్నీ నావి.