మా నాన్న డప్పును ఎవరూ కాల్చకూడదు

కంకిపాడు దగ్గర పాలెంలో ఉంటున్న బడిపంతులు ఆమోసు గారి భార్య మార్తను, వయసు పందొమ్మిది, మతి స్థిమితంగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా సొంత చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. మా ఆయన పేరు కాగితం మీద పెట్టడం ఇదే మొదలు. బిడ్డ అడ్డం తిరిగిందని మిషను దొరసాని గారు చెప్పారు. ఈ పూట పడవలో బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. కుదురుగా కూర్చోలేకపోతున్నాను. అందుకని అసలు సంగతి ముందు.

1. అటక మీద గోనెసంచిలో ఉన్న మా నాన్న డప్పు నా బిడ్డకి చెందాలి, ఆడపిల్లయినా సరే. మేమంతా బాప్తిస్మం తీసుకున్న నాడు జాతర్లలో కొట్టేవని పాలెంలో డప్పులన్నీ ప్రార్థన గుడి ముందు పోగేసి కాల్చారు. ఇదొక్కటి నేను గడ్డివాములో దాచాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. కాలిపోయిందనుకునే మా నాన్న కన్నుమూశాడు. భయపడి చెప్పలేదు. ఆ తప్పు నాది.

2. మొన్న అది బయటపడితే మా మావగారు, సంఘపెద్ద ఇశ్రాయేలు గారు, దయ్యాల వాద్యం నా ఇంట్లో ఉండకూడదు, కాల్చేయండి అన్నారు. ఆ పూట దాన్ని మళ్లీ గోనెసంచిలో కట్టి దాచాను. మావగారికి జవాబు ఇప్పుడు చెప్తున్నాను. గ్రంథంలో సముద్రం దాటగానే ప్రవక్త్రి మిర్యాము ఆడవాళ్లను వెంటబెట్టుకుని వాయించింది తోలు వాద్యమే. సౌలు రాజు మనసు చెదిరినప్పుడు దావీదు వాయిస్తేనే నెమ్మదించాడు. దేవుడి మందసం పెట్టె ఊళ్లోకి వస్తుంటే ఆ దావీదే, పెళ్లాం ఈసడించినా, గంతులేశాడు. లేవీయులకి భూమిలో వంతు లేదు. దేవాలయంలో పాడడం, తాళాలు వాయించడం వాళ్లకి తండ్రుల నుంచి వచ్చింది. మా నాన్నకీ సెంటు భూమి లేదు. మీరు తెప్పించిన హార్మోనియం పెట్టె మాత్రం గ్రంథంలో ఎక్కడా కనపడలేదండీ.

3. నీలం చీర మా అత్తగారు మణెమ్మ గారికి. గుడిలో నాకు పెదాలే కదులుతాయి, గొంతు లేదని ఆవిడ నలుగురిలో నవ్వారు. అది ఇంకా గుచ్చుకుంటోంది. కానీ వేవిళ్లప్పుడు చింతచిగురు కోసి తెచ్చింది ఆవిడే.

4. ఇత్తడి చెంబు ఎలిజబెత్ అక్కకి. గ్రంథం చదివించింది అక్కే.

5. మా ఆయనకి ఇవ్వడానికి ఏమీ లేదు, పని అప్పగిస్తున్నాను. ముసురులో మీరు డప్పు మీద ఒక దెబ్బ వేసి, ఇది చచ్చిపోయింది, కాల్చినా ఒకటే అన్నారు. చావలేదండీ. చెమ్మకి తోలు సాగింది, అంతే. బిడ్డ బాప్తిస్మం నాడు గుడి ముందు, ఆనాడు కాల్చిన చోటే, ఎండుగడ్డి మంట వేయండి. జానెడు ఎత్తున తిప్పుతూ సెగ చూపించండి. వేలితో మీటితే కంగుమనాలి. అప్పుడు మావగారికి ఇవ్వండి. ఇప్పుడు పాలెంలో కొట్టడం వచ్చింది ఆయనకే. ఆనాడు తన డప్పే ముందు మంటలో వేశారు. వేసేముందు ఆయన దాన్ని వేలితో ఒకసారి మీటడం నేను చూశాను.

6. పడవ వచ్చింది, పిలుస్తున్నారు. నేను ప్రాణంతో తిరిగి వస్తే ఈ కాగితం చెల్లదు. మంట నేనే వేస్తాను. మావగారు కొడితే నేను పాడతాను, అత్తగారికి వినపడేటట్టు.

1944 ఆగస్టు 11, శుక్రవారం
మార్త (సంతకం)

సాక్షులు:
ఎలిజబెత్, సంతకం
మంత్రసాని అమలమ్మ, వేలిముద్ర