పై అట్టలో పెట్టిన గుడ్డు

అమ్మకు,

ఇరవయ్యో తారీఖున మా పరిశోధన వ్యాసం అచ్చుకు వెళ్తుంది. ఆలోపు నీకు ఒక మాట చెప్పకపోతే నేను ఉండలేను. ఫోన్లో అయితే ఏడ్చేస్తాను, అందుకే రాస్తున్నాను. చెల్లీ, అమ్మకు చదివేటప్పుడు ఒక్క ముక్క కూడా మింగకు.

నువ్వు గోదాములో గుడ్ల అట్టలు పేరుస్తావు కదా. ఎత్తు పెరిగేకొద్దీ దొంతర ఊగుతుంది. పరమాణువు నడిమధ్య ఉండే కేంద్రకమూ అంతే. అందులోని ప్రోటాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మరీ ఎక్కువైతే అది రెండుగా పగిలిపోతుంది. కానీ "గుంటలన్నీ నిండిన అట్టలైతే దొంతర నిలుస్తుంది, సగం అట్టే కొంప ముంచేది" అంటావే, అలాగే లోపలి వరసలు నిండితే పగలాల్సిన కేంద్రకం కాస్త ఓర్చుకుంటుంది. అలా ఓర్చుకునే పెద్ద కేంద్రకం కోసమే మేం రెండు కేంద్రకాలను ఢీకొట్టిస్తాం. అతుక్కున్నా ఆ వేడికి దాదాపు అన్నీ పగిలిపోతాయి. ఎప్పుడో ఒకటి, రెండు మూడు న్యూట్రాన్లను విదిల్చుకుని, చల్లబడి బతుకుతుంది. నాలుగు నెలల్లో మాకు దక్కింది ఒక్కటే. అదీ సెకనైనా బతకలేదు. ఒకదాని వెనక ఒకటి మూడు ఆల్ఫా కణాలు వదిలి, చివరికి పగిలింది. ఆ కణాలు మా యంత్రానికి తగిలిన మూడు దెబ్బలే మా సాక్ష్యం.

ముందుగా చూసింది నేనే. వ్యాసంలో నా పేరే మొదట వేస్తానన్నారు మా పెద్దమేడం. నువ్వు గోదామంతా చాటావట.

అమ్మా, ఆ రోజు పొద్దున యంత్రాన్ని సరిచూసే చిన్న బిళ్లను లోపలే మరిచిపోయాను. అదీ అలాంటి కణాలనే వదులుతుంది. పదకొండున్నరకు గుర్తొచ్చి తీశాను. తిడతారన్న భయంతో షిఫ్టు పుస్తకంలో పదింటికే తీసినట్టు రాశాను. మా కేంద్రకం కనిపించింది పదీ నలభైకి. నడిమి దెబ్బ ఆ బిళ్లదేనేమో. కావచ్చు, కాకపోవచ్చు. నన్నెవరూ అడగలేదు. మనింట్లో మొదట చదువుకున్నదాన్ని, నేనే తప్పు రాశానంటే నీ తల ఎక్కడ పెట్టుకుంటావు? చెప్పమంటావా, వద్దంటావా? పదిహేనులోగా రాయించు.

నీ పెద్దది

*

అక్కా, అమ్మ చెబుతుంటే రాస్తున్నాను. ఏమీ మింగలేదు.

పెద్దదానా, నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నా. సగం అర్థం కాలేదు, బిళ్ల సంగతి మాత్రం బాగా అర్థమైంది. పగిలిన గుడ్డు చేతికొస్తే నేనేం చేస్తానో చిన్నప్పుడు పక్కన కూర్చుని చూశావు గదే. పై అట్టలో పెడతా. కొనేవాడికి ముందు అదే కనబడాలి. అడుగున దాస్తే నాలుగు రోజులకు దొంతరంతా కంపు.

నిన్న గోదాములో అందరికీ చెప్పేశా, మా పిల్ల గుడ్డు పగిలిందేమో చూసుకుంటోందని. "నాలుగు నెలలకు ఒక్క గుడ్డు, అదీ అనుమానమేనా!" అని మేస్త్రి ఒకటే నవ్వు. "నీ చేతిలో రోజుకు పది పగులుతాయి, నోరు మూసుకో" అన్నా. నా తల ఉన్నచోటే ఉంది.

ఇక నీకు దాచే చోటు లేదు. పొద్దున్నే మీ మేడం దగ్గరికి వెళ్ళు. పుస్తకంలో తప్పు టైము చెరపకు, గీత కొట్టి పక్కన అసలుది రాయి. పేరు పోతే పోనీ. మళ్ళీ పేర్చుకో.

ఆవిడేమందో పద్దెనిమిదికల్లా రాయి. మేస్త్రి రోజూ అడుగుతున్నాడు.

అమ్మ