చెప్పులున్నాయి, బూట్లు లేవు

5 జూలై 1997, శనివారం

ఈ రోజు మొదటి ఆశ్చర్యం: చంపడానికి ఎవరూ లేని వీడియో గేమ్ ఒకటి ఉంది.

సెలవుల్లో మణికుమార్ అన్నయ్య టైపింగ్ షాపులో పనిచేయడానికి నాన్న ఒప్పుకుని రెండు వారాలైంది. బహ్రెయిన్‌లో ఈ నయీమ్ పేటలో మా ఇంటి కిందే షాపు. పొద్దున వీసా ఫారాలు, ఉత్తరాలు. ఒంటిగంట నుంచి నాలుగు దాకా వీధంతా మూసేస్తారు. ఏసీ కోసం నేను అక్కడే ఉండిపోతాను. దేశం విడిచి వెళ్ళిపోతున్న ఓ ఇంగ్లీషు కుటుంబం అమ్మేసిన కంప్యూటర్ మొన్న వచ్చింది. డ్రైవ్‌లో సీడీ మరిచిపోయారు. స్పీకర్లు పనిచేస్తున్నాయో లేదో చూద్దామని అన్నయ్య దాన్ని నడిపించాడు. సముద్రం హోరు వినిపించింది.

ఒక దీవి. గుట్ట మీద ఒక ఇల్లు. తలుపు తీసే ఉంది. లోపల ఎవరూ లేరు. మౌస్ నొక్కితే ఒక అడుగు. డ్రాయరు మీద నొక్కితే తెరుచుకుంటుంది, లోపల ఉత్తరాలు. అంతే. పాయింట్లు లేవు, టైము లేదు, చావు లేదు.

అన్నయ్య పది నిమిషాలు చూశాడు. ఇదేం ఆటే, అద్దెకి ఇల్లు చూసుకుంటున్నట్టుంది, అని వెళ్ళి పడుకున్నాడు.

నాకు మాత్రం అనుమానం. ఇంత నెమ్మదైన దాంట్లో ఏదో మోసం ఉండి తీరాలి. ఏ తలుపు వెనకో ఎవరో నక్కి ఉండాలి. కుర్చీని గోడకి ఆనించుకుని మూడు గంటలు ఆడాను. ఎవరూ రాలేదు.

6 జూలై

ఇవాళ కూడా ఎవరూ రాలేదు. అయినా మూడు గంటలు ఎలా గడిచాయో తెలియలేదు. అనుమానం ఇంకా పెరిగింది.

7 జూలై, సోమవారం

పేపర్లో వేయించే ప్రకటన టైపు చేయించుకోవడానికి ఒక కంపెనీ మనిషి వచ్చాడు. పాస్‌పోర్ట్ ఫోటో, కింద ఈ మనిషితో కంపెనీకి ఇక సంబంధం లేదని నాలుగు లైన్లు. అతను రాసుకొచ్చిన దాంట్లో 'రన్ అవే' అని ఉంది. ప్లస్ వన్ చదివే పిల్లని, ఊరుకుంటానా. కొట్టేసి 'అబ్‌స్కాండెడ్' అని పెట్టాను. పోయిన వారమే డిక్షనరీలో దొరికిన మాట, నా నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకుతో ఉంది. పలికితే ఎవరో వెనక్కి చూసుకుంటూ పరిగెత్తుతున్నట్టు ఉంటుంది. అతను చదివి, గుడ్ ఇంగ్లీష్, అన్నాడు. రోజంతా నేల మీద నడవలేదు.

ఫోటోలో మనిషిది సన్నమీసం. పేరు నర్సింగ్. శుక్రవారం, నాలుగో తేదీన, సైటు క్యాంపు నుంచి పారిపోయాడట.

అదే రోజు, మధ్యాహ్నం మూడు

పోశన్న వచ్చాడు. మా బిల్డింగులో మెట్లూ షాపులూ తుడిచేది ఆయనే. జగిత్యాల వైపు మనిషి. తుడుస్తూ తుడుస్తూ నా వెనక ఆగి, గిదేంది బిడ్డా, సినిమానా, అన్నాడు. ఆట, అన్నాను. గీ ఇంట్ల మనుషులేరి, అన్నాడు. వాళ్ళేమయ్యారో కనుక్కోవడమే ఆట, అన్నాను.

ఇంటాయన రాసిపెట్టిన ఉత్తరం తెలుగులో చెప్పాను. సముద్రం మీద వెళ్ళిపోతున్నాడట, తనకోసం ఎవరూ వెతకొద్దట. ఆ ఉత్తరం నాకెంత నచ్చిందంటే రెండు వాక్యాలు నోట్‌బుక్‌లోకి ఎత్తుకున్నాను. పోశన్న ఒప్పుకోలేదు. తెర మీద అద్దం కింద అరని చూపించాడు. గడ్డం సామాన్ గీడనే ఉన్నది, గాయిన యాడికీ పోలే, అన్నాడు.

ఎలా చెప్పగలరన్నాను. దుబాయి వచ్చి పదకొండేండ్లాయె, రూములకెళ్ళి ఎందరో పోయిన్రు, వాళ్ళ సామాన్ డబ్బలల్ల గట్టింది నేనే, అన్నాడు. సెలవు మీద పోయినోని మంచం ఒక తీరుంటది, ఖలాస్ అయి పోయినోనిది ఒక తీరుంటది. ఇది దుబాయి కాదు కదా, బహ్రెయిన్, అన్నాను. ఏదైతేంది, ఇంటికాడికెళ్ళి చూస్తే అంత దుబాయే, అన్నాడు.

ఆ ఉత్తరం మళ్ళీ చదివాను. అంత అందంగా రాసి ఉండడమే ఇప్పుడు అనుమానంగా ఉంది.

8 జూలై

ప్రకటన కాపీ ఒకటి నా టేబుల్ మీదే ఉండిపోయింది. పోశన్న బల్ల తుడవడానికి దాన్ని ఎత్తి, అలాగే పట్టుకుని నిలబడ్డాడు. మా బావ ఫోటో గీడెందుకున్నది, అని అడిగాడు.

చదివి వినిపించాను. నేను పెట్టిన మాట దగ్గర నా గొంతు తగ్గింది. దాన్ని తెలుగుల జెప్పు అన్నాడు. పారిపోయాడని, అన్నాను.

నర్సింగ్ ఆయన చెల్లెలు జమున భర్త. బావా బామ్మర్దులిద్దరూ వెనక సందులో ఒకే రూములో ఉంటారు, ఎనిమిది మంచాల రూము. నర్సింగ్ రోజూ కంపెనీ బస్సులో సఖీర్ ఎడారి వైపు సైటుకి వెళ్ళి వస్తాడు. రెండో తేదీ, బుధవారం సాయంత్రం రాలేదు. ఓవర్‌టైం ఉంది, కొన్నాళ్ళు సైటు క్యాంపులోనే ఉంటాడని ఫోర్‌మన్ కబురు చేశాడట. ఇంతకుముందూ అలా ఉండేవాడు కాబట్టి పోశన్న బెంగపెట్టుకోలేదు.

అచ్చుల పడ్డదంటే నిజమే గద బిడ్డా, అని నన్నడిగాడు.

9 జూలై, బుధవారం

పేపర్లో వచ్చేసింది. ఆపలేమా అని అన్నయ్యని అడిగితే, మనం టైపు కొట్టేవాళ్ళమే గానీ తీర్పు చెప్పేవాళ్ళమా, ఊరుకోవే, అన్నాడు.

పోశన్న పొద్దున కంపెనీకి వెళ్ళాడు. ఫోర్‌మన్ ఒక్కటే మాట, ఖలాస్, అన్నాడట. రూములో వాళ్ళేమో నవ్వుతున్నారట. నీ బావకు సౌదీల వీసా ఇచ్చే మంచి కఫీల్ దొరికిండు, నీకే జెప్పలే పో, అని. పోశన్నకి భయం కంటే అవమానం ఎక్కువగా ఉంది. నాకు జెప్పకుంట పోతడా అన్నాడు. కాసేపటికి తనే, పోతడేమో, మనిషి కడుపుల ఏమున్నదో ఎవ్వనికెరుక, అన్నాడు. ఎల్లుండి జమునకు ఫోన్ చేస్తాడట. ఏమని చెబుతారన్నాను. పేపర్ల రాసినట్టే జెప్త, అన్నాడు.

పేపర్లో ఉన్నది నేను రాసింది. ఏమీ తెలియకుండా, సొగసుగా ఉందని రాసింది. అక్కడ ఆవిడ ఆ మాటని జీవితాంతం మొయ్యాలి. నాలుగు రోజులు ఆగమన్నాను. ఎందుకన్నాడు. ముందు ఆయన మంచం చూద్దామన్నాను.

కానీ ఆ రూముకి నేను వెళ్ళలేను. దీవి మీద ఇంట్లో ఏ తలుపైనా నాదే. ఇక్కడ ఎనిమిది మంది మగవాళ్ళుండే సందు మొదట్లో నిలబడ్డా అమ్మ ఊరుకోదు. పోశన్ననే చూసి రమ్మన్నాను. ఏదీ కదపకండి, ఉన్నది ఉన్నట్టు చూడండి. ఏం జూడాలె, అన్నాడు. ముందు మంచం కింద, అన్నాను.

10 జూలై

మంచం కింద: తాళం వేసిన ట్రంకు. చెప్పులున్నాయి. బూట్లు లేవు.

మేకుకి: లుంగీ, తువ్వాలు.

అర మీద: గడ్డం సామాన్, టేప్ రికార్డర్.

టేప్ రికార్డర్‌లో ఏముందన్నాను. చూడలేదన్నాడు. మళ్ళీ వెళ్ళాడు. నేను ఒక్క మాట అంటాను. ఆయన ఆ ఎండలో సందు దాటి వెళ్ళి, చూసి, చెమటలు కక్కుతూ వస్తాడు. మౌస్ నొక్కినంత తేలిగ్గా మనిషిని తిప్పుతున్నానని నాలుగోసారికి సిగ్గేసింది. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను.

లోపల జమున పంపిన క్యాసెట్ ఉంది. ఆవిడకి రాయడం రాదు, మాట్లాడి పంపుతుంది. టేపు సగంలో ఆగి ఉంది. ఆధారం దొరికిందనుకున్నాను. సగంలో ఆపాడంటే ఎవరో పిలిస్తే హడావిడిగా వెళ్ళాడు, అని చెప్పాను. పోశన్న తల అడ్డంగా ఊపాడు. గట్లేం గాదు. బావ ఎప్పుడు గట్లనే ఇంటడు. దినాం పొద్దుగాల బస్సుకు ముంగట నాలుగు మాటలిని టక్కున బందు జేస్తడు. ఒక్కపారే ఇంటే అయిపోతది, మల్ల క్యాసెట్ వచ్చేదాంక ఏమినాలె, అంటడు. రూమోళ్ళంత పిసినారి మొగడని నవ్వుతరు.

నాకు నవ్వు రాలేదు. దీవి ఇంట్లో మేడమీది గది తాళం చెవి నాకు దొరికి మూడు రోజులైంది. అదే చివరి గది. నేను తెరవడం లేదు. వంటగది కిటికీ దగ్గర నిలబడి వాన వింటున్నాను. ఎవరో తాగి పెట్టిన కప్పు చూస్తున్నాను. అక్కడ నన్నెవరూ తొందరపెట్టరు. లేని మనుషులు తమ ఇల్లంతా నాకు అప్పజెప్పినట్టు ఉంటుంది. దీన్ని ఏమంటారో నా నోట్‌బుక్ అంతటిలో ఒక్క మాట లేదు. నేనెప్పుడూ చూడని ఒక మనిషి మాత్రం రోజూ బస్సుకు ముందు ఇదే పని చేస్తున్నాడు.

ఆ మనిషి క్యాసెట్ వదిలి పారిపోడు. పోశన్నతో అదే అన్నాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని చాలాసేపు తీయలేదు.

11 జూలై, శుక్రవారం

సెలవు. అన్నాల దగ్గర నాన్నకి చెప్పాను. కంపెనీల గొడవ నీకెందుకమ్మా, మన వీసా కూడా ఒకళ్ళ చేతిలోనే ఉంది, అన్నారు. అదీ నిజమే.

సాయంత్రం మెట్ల దగ్గర పోశన్న కనిపించాడు. నిన్నటి నుంచి నన్ను తొలిచేస్తున్నది అడిగాను. ఇంతకుముందు క్యాంపులో ఉండాల్సి వస్తే ఆయన ఏమేం తీసుకెళ్ళేవారు? లుంగీ, చెప్పులు, దుప్పటి సంచిల వెట్టుకపోతుండె, అన్నాడు. చెప్పి, చీపురు పట్టుకునే మెట్టు మీద కూర్చుండిపోయాడు.

లుంగీ మేకుకే ఉంది. చెప్పులు మంచం కిందే ఉన్నాయి. బుధవారం పొద్దున బూట్లు వేసుకుని వెళ్ళిన మనిషి సాయంత్రం తిరిగి వద్దామనే వెళ్ళాడు. అయితే ఓవర్‌టైం అబద్ధం. శుక్రవారం అబద్ధం. జరిగిందేదో బుధవారం పగలే జరిగింది.

12 జూలై, శనివారం

కంపెనీ బస్సు డ్రైవర్ బాలన్నని పోశన్న పట్టుకున్నాడు. మొదట నాకేమెరుకలేదన్నాడట. జమున పేరు చెబితే నోరు విప్పాడట, తన పేరు ఎక్కడా రావద్దని ఒట్టు వేయించుకుని. బుధవారం మిట్టమధ్యాహ్నం నర్సింగ్ ఎండకి కూలబడిపోయాడు. ఫోర్‌మన్ పికప్‌లో వేయించుకుని తీసుకుపోయాడు. యల్లా, పని చూస్కో భాయ్, అని మిగతావాళ్ళని అరిచాడు. సాయంత్రం బస్సులో ఒక సీటు ఖాళీగా వచ్చింది. అంతవరకే బాలన్నకి తెలుసు.

కార్డూ పాస్‌పోర్టూ కంపెనీ దగ్గర ఉన్నాయి. ఒంటి మీద పేరన్నది లేదు. ఆసుపత్రి గేటు దగ్గర దించేసి పోయి ఉంటే ఎవరని రాసుకుంటారు?

ఇదంతా నాన్న ముందు పోశన్న చేతనే చెప్పించాను. చివర నాన్న, ఎన్ని గంటలకి బయల్దేరదాం పోశన్నా, అని అడిగారు.

సాయంత్రం ఏడు

రేపు ఆరున్నరకి పోశన్న కింద ఉంటాడు. నాన్న డ్యూటీకి సెలవు చెప్పారు. ముందు పెద్దాసుపత్రి వార్డులు. రెండో తేదీన పేరు లేకుండా చేరినవాళ్ళ గురించి ఇంగ్లీషులో అడిగేది నేను. చిన్న మాటలే రాసుకున్నాను.

అక్కడ లేకపోతే వెనక మార్చురీ ఉంది. దాంట్లోకి నాన్న ఒక్కరే వెళతారు. నేను బెంచీ మీద పోశన్న పక్కన కూర్చోవాలి.